ఒకే చేతి కోత

లిఫ్టులో ఒకతను ప్రశాంతి చేతిలో పొగలు కక్కుతున్న థర్మకోల్ డబ్బా కేసి చూసి, "ఏంటి మేడమ్, ఐస్‌క్రీమా? ఎవరిది బర్త్‌డే?" అని పలకరించాడు.

"మెదళ్ళు," అంది ప్రశాంతి.

రెండో అంతస్తులో లిఫ్టు సగం ఖాళీ అయింది. ఆ సగంలో అతనూ ఉన్నాడు. అతను నొక్కింది తొమ్మిది, పాపం.

మాదాపూర్‌లో ఆ అద్దాల బిల్డింగు నిండా కంప్యూటర్ల వాళ్ళే. ఆరో అంతస్తులో ఒక పక్కన మాత్రం చిట్టెలుకల మెదళ్ళతో పనిచేసే చిన్న ల్యాబ్ ఒకటుంది. ఎలుకలుండేది బిల్డింగు వెనకాల గదుల్లో. అక్కడ కోసి, మెదడులో కావలసిన ముక్క తీసి, గడ్డకట్టించి, డబ్బాలో పెట్టి పైకి తేవాలి. సామాన్ల లిఫ్టు ఎప్పుడు చూసినా క్యాంటీన్ వాళ్ళ స్వాధీనంలో ఉంటుంది కాబట్టి మనుషుల లిఫ్టే గతి. మొదట్లో జనం అలా దిగిపోతుంటే ప్రశాంతికి ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు లిఫ్టులో చోటు కావలసినప్పుడల్లా ఆ మాట వాడుకుంటోంది.

ప్రశాంతి ఆ ల్యాబ్‌లో సీనియర్ సైంటిస్టు. ఉండేది చందానగర్‌లో. పొద్దున్నే కొత్తగూడ జామ్‌లో స్కూటీ మీద ఇరుక్కుని కూడా కూనిరాగం తీసే రకం. తన చేతులంటే ఆమెకి మహా నమ్మకం. నమ్మకమేమిటి, గర్వమే అనుకోండి. ఊరికే వచ్చిన గర్వం కాదు లెండి. మెదడులో ఏ కణం ఏ పనిలో ఉందో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ. అదేమో కొత్తల్లుడి బాపతు. వేలు తగిలితే అలక, తుమ్మితే అలక, ఐసు కాస్త కరిగిందా, ఇక జాడే ఉండదు. దాన్ని బుజ్జగించి బయటికి తీసి, అందులో రాసున్నదాన్ని డీఎన్‌ఏగా నకలు తీసుకోవాలి. ప్రశాంతి తీసిన ఆర్‌ఎన్‌ఏ చెడిపోయిందన్న మాట ఆ ల్యాబ్‌లో ఇంతవరకూ ఎవరూ వినలేదు. "హస్తవాసంటే నీదమ్మా," అనేవారు ల్యాబ్ హెడ్ చలపతిరావుగారు.

ఆయన కాకినాడ మనిషి, కూకట్‌పల్లిలో కాపురం, ఈ నెలాఖరుకి రిటైరు. ఆయన తరవాత అసలు ల్యాబ్ ఉంటుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న. మేనేజ్‌మెంటు వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. విశాఖపట్నం మందుల కంపెనీ వాళ్ళ పని ఒకటి చేతిలో ఉంది. అది వాళ్ళకి నచ్చి పెద్ద ప్రాజెక్టు ఇస్తే ల్యాబ్ ఉంటుంది, ప్రశాంతి హెడ్ అవుతుంది. ఇవ్వకపోతే ల్యాబ్ మూత. ఆ జాగా పక్కనున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళకి టేబుల్ టెన్నిస్ ఆడుకోవడానికి పోతుంది. ప్రశాంతికి ఆ హెడ్ కుర్చీ కావాలి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా ఆ ముక్క చెప్పేది. రాసిపెట్టి ఉంటే వస్తుందిలే అనడం ఆమెకి చేతకాదు.

విశాఖవాళ్ళ పని ఇదీ. జ్ఞాపకశక్తికి వాళ్ళొక మందు తయారుచేశారు. ఆ మందు తిన్న ఎలుకలు చిక్కుదారిలో తిండి ఎక్కడుందో చప్పున గుర్తుపడుతున్నాయట. మరి మెదడులో అది ఏ జీన్లని లేపుతోంది? వాళ్ళ మేడమ్ కొన్ని పేర్లు చెబుతున్నారు గానీ, వేరే చేతుల్లో కూడా అవే రావాలి. అది తేల్చడానికి ప్రశాంతి ఎంచుకున్నది తీసివేత లైబ్రరీ. మందు తిన్న ఎలుకల మెదడు నకళ్ళు కొన్ని తీసుకుంటారు. మందు తినని ఎలుకల నకళ్ళు దానికి ఎన్నోరెట్లు తెచ్చి అందులో కుమ్మరిస్తారు. రెండు వైపులా ఉన్నవి దేని జోడీని అది వెతుక్కుని అతుక్కుపోతాయి. అలా పెళ్ళిళ్ళయిపోయినవాటిని సాగనంపితే, జోడీ దొరకని బ్రహ్మచారులు మిగులుతాయి. మందు తిన్న మెదడులో మాత్రమే ఉన్నవి అవే. వాటిని బ్యాక్టీరియాలో పెట్టి పళ్ళేల్లో పెంచితే, ఒక్కో తెల్లచుక్కలో ఒక్కో జీను ముక్క భద్రంగా ఉంటుంది. ఆ చుక్కలన్నీ కలిపితే లైబ్రరీ.

"ఈ జమానాల ఎవరక్కా గిట్ల తీసివేతలు చేసేది?" అని నవ్వేవాడు ఓంకార్. జీన్ల లెక్కలన్నీ కంప్యూటర్‌లో చూసేది అతనే. "మొత్తం సీక్వెన్స్ చేసి నాకియ్యి. కంప్యూటర్‌లనే తీసేస్త."

"నీ కంప్యూటర్‌ల పేరుంటది. నా ఫ్రీజర్‌ల ముక్క ఉంటది. వాళ్ళకు ముక్కనే కావాలె," అనేది ప్రశాంతి. అదీ నిజమే. విశాఖవాళ్ళు చేతిలో పట్టుకుని పనిచేసుకునే ముక్కలే అడిగారు.

ఈ తీసివేతకి ఒక ప్రమాదముంది. మందు తిన్న ఎలుకల సరుకు రవ్వంత అవతలి దాంట్లో కలిసిందా, కావలసిన జీన్లకి కూడా జోడీ దొరికిపోయి అవీ వెళ్ళిపోతాయి. చివరికి చేతిలో చిప్ప మిగులుతుంది. అందుకని ప్రశాంతి రెండు నియమాలు పెట్టుకుంది. మొదటి ఎలుకనుంచి చివరి ఎలుకదాకా కోసేది ఒకే చెయ్యి, అంటే తన చెయ్యి. రెండోది, ఆ గుంపు గాలి ఈ గుంపుకి సోకకూడదు. ఆ రోజు పొద్దున లిఫ్టులో తెచ్చినవి మందు ఎలుకల మెదళ్ళు. విలువైనవి కదా, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడే వాటి పని చూసేసింది. మధ్యాహ్నం భోంచేసి, బల్ల కడిగి, కత్తెరలు మార్చి, కొత్త గ్లౌజులు తొడుక్కుని మామూలు ఎలుకల్ని కోసింది. ఒక్కదాని మెదడూ చిట్లలేదు. సాయంత్రం చలపతిరావుగారు చూసి, "నీ చేతికి బంగారు కడియం తొడగాలమ్మా," అన్నారు.

"కడియం వద్దు సార్, కుర్చీ ఇప్పియ్యండి," అంది ప్రశాంతి.

లైబ్రరీ తయారైంది. పళ్ళేలు తెరిచి చూస్తే తెల్లచుక్కలు ఒకదానిమీద ఒకటి పడి కిటకిటలాడుతున్నాయి. వాటిల్లో కొన్ని ఏరి, సీక్వెన్స్ చేయించి ఓంకార్‌కి ఇస్తే, అతను గంతులేసుకుంటూ వచ్చి బల్లమీద దరువేశాడు.

"అక్కా, బంపర్! బీమాల్, ఎన్‌పాస్, క్రై! వైజాగ్ మేడమ్ ఏ జీన్లు చెప్పిందో గవే వచ్చినయి. ఇగ మనకు ఫికర్ లేదు."

అవి ఒంట్లో గడియారాన్ని నడిపే జీన్లు. ఎప్పుడు నిద్ర, ఎప్పుడు మెలకువ అన్నది వాటి చేతిలో ఉంటుంది. జ్ఞాపకశక్తికీ వాటికీ చుట్టరికం ఉందని కూడా అంటారు. విశాఖ కంపెనీలో పరిశోధనకి పెద్ద బాలాత్రిపురసుందరిగారు ఈ మందు ఆ జీన్లనే లేపుతుందని ఏనాడో కనిపెట్టి, సభల్లో చెప్పి పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే చేతుల్లో, వేరే పద్ధతిలో అదే తేలింది. ఇంకేం కావాలి? చలపతిరావుగారు ఆనందం పట్టలేక ల్యాబ్ మొత్తానికి ఉస్మానియా బిస్కెట్లూ చాయ్ తెప్పించారు. ఆ ఊపులోనే విశాఖకి ఫోన్ కూడా కొట్టేశారు. వచ్చే వారం మేడమ్ స్వయంగా వస్తానన్నారు.

ఇక ప్రశాంతి కాలు నేలమీద నిలిస్తే ఒట్టు. ఇంటికి పోతూ పోతూ ఆ టేబుల్ టెన్నిస్ వాళ్ళని తలుచుకుని జాలి కూడా పడింది.

మర్నాడు పొద్దున ఇంట్లో దోసెలు వేస్తోంది. ఆమె భర్త సైమన్‌ది గచ్చిబౌలిలో అమెరికా షిఫ్టు. ఆమె టిఫిన్ చేసే వేళకి అతను డ్యూటీనుంచి వచ్చి, అదే దోసెని రాత్రి భోజనంగా తిని పడుకుంటాడు. ఈమధ్య నీరసంగా ఉంటోందంటే డాక్టరు ఏదో హార్మోనుకి రక్తపరీక్ష రాశాడు. ఆ రిపోర్టు బల్లమీద విసిరేసి కూర్చున్నాడు సైమన్.

"మల్లొకసారి రక్తం ఇయ్యాల్నంట."

"ఎందుకంట?"

"నేను లేచిందే సాయంత్రం, అప్పుడే పోయి ఇచ్చిన. డాక్టర్ ఏమో ఇది పొద్దుగాల ఇయ్యాలె, గీ రిపోర్ట్ పనికిరాదంటున్నడు. ఒక్కటే పరేషాన్. రక్తం రక్తమే గదా, పొద్దున ఇస్తే ఏంది, సాయంత్రం ఇస్తే ఏంది?"

ప్రశాంతికి నవ్వొచ్చింది. పాఠం చెప్పే అవకాశం దొరికితే ఆమె వదలదు. అట్లకాడ పట్టుకునే ఇటు తిరిగింది.

"గట్లెట్ల అయితది సైమన్? ఒంట్ల గడియారం ఉంటది. పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఇంకో లెక్క. పొద్దుటి దాన్ని పొద్దుటి దానితోనే పోల్చాలె. దీన్ని పొద్దున తీసి, దాన్ని మధ్యాహ్నం తీసి, ఇగో తేడా వచ్చిందంటే అది రోగం తేడా కాదు, టైము..."

మాట అక్కడే ఆగిపోయింది. పెనంమీద దోసె మాడుతోంది. ప్రశాంతి దానికేసే చూస్తోంది గానీ తియ్యడం లేదు.

"ఏమైందే?" అన్నాడు సైమన్.

"నేను పొద్దున కోసిన."

"ఏం కోసినవ్?"

"మందు ఎలుకల్ని పొద్దున కోసిన సైమన్. మామూలు వాటిని అన్నం తిని వచ్చినంక కోసిన." అట్లకాడ గట్టుమీద పడేసింది. "నేను మందులకెల్లి మామూలుని తీసెయ్యలే. పొద్దుటి దాంట్లకెల్లి మధ్యాహ్నాన్ని తీసేసిన. గడియారం జీన్లు రాక ఇంకేమొస్తయి?"

సైమన్‌కి సగం అర్థమైంది, సగం కాలేదు. లేచి వచ్చి పొయ్యి ఆపాడు. ప్రశాంతి అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చింది. ఎవరో తిట్టినందుకు కాదు, ఎవరూ తిట్టడానికి వీల్లేనంత జాగ్రత్తగా తప్పు చేసినందుకు. ఈ గుంపులో ఒకటి, ఆ గుంపులో ఒకటి, మార్చి మార్చి కొయ్యాలని ఏ పుస్తకం తిరగేసినా ఉంటుంది. ఎంతమందికో తనే చెప్పింది. కానీ గుంపులు కలిసిపోతాయేమోనన్న భయం ఒకటి పట్టుకుంది చూశారూ, ఆ భయంలో ఈ పాఠం కొట్టుకుపోయింది. ఒకే చెయ్యి అని మురిసిపోయింది గానీ, ఆ ఒక్క చెయ్యి రెండు పూటలా పనిచెయ్యాల్సి వచ్చిందని చూసుకోలేదు.

"మరి వాళ్ళకు చెప్తవా?" అన్నాడు సైమన్.

"చెప్పకుంట ఎట్లుంట?"

"కుర్చీ?"

ప్రశాంతి కొంగుతో మొహం తుడుచుకుంది. "కుర్చీ యాడికి పోదు, అది నాదే. ముందు దీని సంగతి చూస్త," అని హెల్మెట్ అందుకుంది. తినకుండానే వెళ్ళిపోయింది. సైమన్ మాడిన దోసె గీక్కుని తిన్నాడు.

ల్యాబ్‌లో చలపతిరావుగారు ఈ మాట విని కుర్చీలో కూలబడ్డారు. ఓంకార్ గోళ్ళు కొరుక్కోవడం మొదలుపెట్టాడు.

"నా కంప్యూటర్‌కిచ్చినా ఇదే వస్తుండె కదా అక్కా," అన్నాడు చివరికి.

"అవును. ఇంకా జల్ది వస్తుండె," అంది ప్రశాంతి.

చలపతిరావుగారు తలుపు మూసి వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. రిటైరయ్యే ముందు ల్యాబ్‌ని ఒక దరి చేర్చి వెళ్ళాలని తాపత్రయం, అంతే.

"అమ్మా, నా మాట కాస్త విను. నువ్వన్నది నిజమే అనుకుందాం. మరి ఆవిడకి కూడా అవే జీన్లు ఎందుకు వచ్చాయి? పొరపాటైతే నీ ఒక్కదానికే రావాలి. ఇక్కడా అదే, అక్కడా అదే వచ్చిందంటే మందులో విషయం ఉన్నట్టే కదా?"

"అదొక్కటే నాకు అంతుపట్టట్లేదు సార్," అంది ప్రశాంతి.

"అంతుపట్టనప్పుడు వదిలెయ్యమ్మా. వాళ్ళకి కావలసింది వచ్చింది, మనకి కావలసింది వస్తుంది. ఇందులో మనం అబద్ధం ఆడిందేముంది?"

"వదిలెయ్యను సార్. ఎక్కువ తెప్పించిన మామూలు ఎలుకలు ఇంకా కింద ఉన్నయి. మందు వాటి సరుకు సగం నేను ఫ్రీజర్‌ల దాచిపెట్టిన. రేపు పొద్దున, అప్పుడు కోసిన టైముకే, మామూలు వాటిని కోస్త. పొద్దుటి దాంట్లకెల్లి పొద్దుటిది తీసేస్తే ఏం మిగుల్తదో చూద్దాం."

"ఏమీ మిగలకపోతే?"

"ఏమీ లేదని చెప్త సార్. నేనే చెప్త."

చలపతిరావుగారు కళ్ళద్దాలు తీసి మొహం రుద్దుకున్నారు. "పోయే ముందు నాకీ పరీక్ష ఏమిటమ్మా," అని గొణిగి, "సరే, కానీ. ఇన్నాళ్ళూ నీ చేతుల్ని నమ్మాను. ఇప్పుడు కాదంటే బావుండదు," అన్నారు.

ప్రశాంతి మర్నాడు ఎలుకల్ని కోసింది. ఒక్క మెదడూ చిట్లలేదు. ఆర్‌ఎన్‌ఏ అలగలేదు. నకళ్ళు తీసి, పాత సరుకుని బయటికి తెచ్చి, మళ్ళీ పెళ్ళిళ్ళు జరిపించి, జోడీలన్నిటినీ సాగనంపింది. ఆదివారం చర్చి కూడా ఎగ్గొట్టింది. మియాపూర్‌లో ఉండే అత్తగారు రూతమ్మకి ఆ సంగతి చెప్పడానికి భయపడుతూ ఫోన్ చేస్తే, "నువ్వు పో బిడ్డా. నీ తరపున కూడా నేనే మోకాళ్ళేస్త," అందావిడ. ప్రశాంతికి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేం. ఓంకార్ తన కంప్యూటర్ కట్టేసి వచ్చి ఐసు మోశాడు, గొట్టాలు పట్టుకున్నాడు, పాటలు పాడాడు. పాడొద్దంటే ఊరుకున్నాడు.

పళ్ళేలు తెరిచే రోజు వచ్చింది. ముగ్గురూ బల్ల చుట్టూ మూగారు. మొదటిసారి కిటకిటలాడిన పళ్ళెంలో ఇప్పుడు తెల్లచుక్కలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అక్కడొకటి, ఇక్కడొకటి. చలపతిరావుగారి మొహం వాడిపోయింది.

"అంతా పోయిందమ్మా," అన్నారు.

"దొంగవి పోయినయి సార్. ఇవి పోలే, చూడండి." ప్రశాంతి పళ్ళెం పైకెత్తి వెలుతురుకి పట్టింది. ఆ చుక్కల్ని చూస్తుంటే ఆమెకి పట్టరాని సంతోషం వేసింది. ఎవరేమన్నా అనుకోనీ, వేసింది. గడియారం జీన్లకోసం ఒక్కో చుక్కనీ పరీక్షించింది. ఒక్కదాంట్లోనూ అవి లేవు. మరి వీటిల్లో ఏముందో తెలియాలంటే ఇంకా సీక్వెన్స్ చెయ్యాలి, దానికి వ్యవధి లేదు. మేడమ్ అప్పటికే శంషాబాద్‌లో దిగిపోయారు.

బాలాత్రిపురసుందరిగారు నేత చీర కట్టుకుని, చకచకా నడుచుకుంటూ వచ్చారు. "విశాఖనుంచి రావడానికి పట్టిన దానికంటే మీ ఎయిర్‌పోర్టునుంచి రావడానికే ఎక్కువసేపు పట్టిందండీ," అన్నారు కూర్చుంటూ. చలపతిరావుగారు ఆ మాటకి అవసరానికి మించి నవ్వారు. ఆవిడ సంచీలోంచి ఒక చిన్న డబ్బా తీసి, "మాడుగుల హల్వా. మీ కబురు విన్నాక ఉత్త చేతుల్తో రాబుద్ధి కాలేదు," అని బల్లమీద పెట్టారు.

ప్రశాంతి ఆ హల్వాని పక్కకి జరిపింది. తరవాత రెండు పళ్ళేలూ ఆవిడ ముందు పెట్టింది.

"మేడమ్, మేము ఫోన్‌లో చెప్పింది ఈ మొదటి పళ్ళెం సంగతి. అది తప్పు. చేసింది నేనే. మందు ఎలుకల్ని పొద్దున కోసి, మామూలు వాటిని మధ్యాహ్నం కోశాను. మేము పట్టుకున్న గడియారం జీన్లు మందువల్ల వచ్చినవి కావు, వేళ తేడావల్ల వచ్చినవి. రెంటినీ ఒకే వేళకి కోసి మళ్ళీ చేస్తే ఇదిగో, ఈ రెండో పళ్ళెం. వీటిల్లో అవి లేవు."

సుందరిగారి మొహంలోని నవ్వు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి కోపం నిలిచింది.

"చూడమ్మా, మీ చేత పొరపాటు జరిగితే మీరు సరిదిద్దుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అవే జీన్లు మా దగ్గర కూడా వచ్చాయి. ఒకసారి కాదు, చేసిన ప్రతిసారీ వచ్చాయి. నేను దేశమంతా తిరిగి చెప్పాను. ఇప్పుడు మీ మాట ప్రకారం నేను కూడా తప్పేనా?"

చలపతిరావుగారు సర్దిచెప్పడానికి నోరు తెరిచారు. ప్రశాంతి అంతకంటే ముందే అడిగింది.

"మేడమ్, మీ దగ్గర ఎలుకల్ని ఎవరు కోశారండి?"

"ఎవరు కోస్తారు? నేనే. ఆ పని నేను ఇంకొకళ్ళ చేతికివ్వను. మొదటినుంచి చివరిదాకా ఒకే చెయ్యి ఉండాలి."

ప్రశాంతి కుర్చీ ముందుకి జరుపుకుంది. "రెండు గుంపులూ మీరేనా?"

"రెండూ నేనే."

"కలిపి కోశారా, విడివిడిగానా?"

"విడివిడిగానే. కలిస్తే ప్రమాదం కదమ్మా, మీకు తెలియనిదేముంది? ముందు మందువి పూర్తిచేసుకుని..." అంటూ ఆవిడ ఆగిపోయారు.

కళ్ళద్దాలు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. మొదటి పళ్ళెం కేసి చాలాసేపు చూశారు.

"పొద్దున," అన్నారు సుందరిగారు. "మందువి పొద్దున్నే. భోజనమయ్యాక మామూలువి. ప్రతిసారీ అచ్చం ఒకేలా చెయ్యాలని, ఏ వేళకి ఏది కోశానో, మళ్ళీ ఆ వేళకే అది కోశాను. అందుకే ప్రతిసారీ అదే వచ్చింది కాబోలు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఏళ్ళ తరబడి సభల్లో చప్పట్లు కొట్టించుకున్న మాట అది. చలపతిరావుగారు తల దించుకున్నారు. ప్రశాంతి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది.

"నేనూ అంతే చేశాను మేడమ్. అట్ల చేసినందుకే నాకు తెలిసింది, లేకుంటే తెలిసేది కాదు. ఎలుకలకు బాగా గుర్తుంటున్నది మాత్రం నిజమే కదండి?"

"అది నిజమే. ఆ పరీక్ష వేరేవాళ్ళు చేశారు. అన్ని వేళల్లోనూ చేశారు."

"అయితే మందు పనిచేస్తున్నట్టే. ఎట్ల చేస్తున్నదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ దాని సంగతి ఈ చుక్కల్లోనే ఉండాలి." రెండో పళ్ళెం ఆవిడ ముందుకి జరిపింది. "మొదటిసారి గడియారం గోలలో ఇవి కనపళ్ళేదు. వీటిల్లో ఏముందో నేను పట్టుకుంటా మేడమ్. ల్యాబ్ ఒక్కటి ఉండనియ్యండి."

సుందరిగారు పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. కొంచెంసేపటికి ఫోన్ తీసి ఎవరికో కలిపారు.

"జశ్వంత్, రేపు పొద్దున నేను రాగానే ఎలుకల పని అనుకున్నాం కదా, ఆపెయ్యి. అవును, మొత్తం ఆపెయ్యి. లేదు బాబూ, నేనొచ్చి కొయ్యను. ఇకనుంచి ఎప్పుడు కొయ్యాలో, ఏది ముందో, ఏది వెనకో హైదరాబాద్‌నుంచి ఒకావిడ వచ్చి చెప్తుంది. ఆవిడ చెప్పినట్టు మనం చేద్దాం. ఆఁ? ఎవరంటే..." ఆవిడ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ప్రశాంతి వైపు తిరిగారు. "మా వాళ్ళకి మీరు ఎవరని చెప్పమంటారు?"

చలపతిరావుగారు గొంతు సవరించుకున్నారు. మేనేజ్‌మెంటు అనుమతి, నెలాఖరు, పద్ధతి, ఇలాంటివేవో చెప్పబోయారు.

"ల్యాబ్ హెడ్ అని చెప్పండి మేడమ్," అంది ప్రశాంతి.

చలపతిరావుగారు తెరిచిన నోరు మూసుకుని, అవునండీ అన్నట్టు తలూపారు.